కొసరుకి మీట లేదు

కొసరు పోసి పోసి కొట్టును ముంచింది హెర్మీనియా. భార్య పోయినా లియోన్సియో ఆ మాట మార్చలేదు.

కోచబాంబా సంతలో ఆయన కాటాకి కూతురు నిల్దా కొత్త టాబ్లెట్ తగిలించింది. "కింద పడ్డా పగలదు నాన్నా. వానకు తడిసినా ఏం కాదు."

"ఎండలో అక్షరం కనబడదు. ఇటుక బరువుంది."

చిక్కుడు గింజలు కొన్న ముసలామె సంచి మూయలేదు. లియోన్సియో ఇంకో గుప్పెడు కాటాలో వేశాడు. తూకం ఎక్కువైందని టాబ్లెట్ కీచుమంది.

"కొసరుకి మీట లేదేమే?"

"అది ఆపడానికేగా తెచ్చాను."

"కొసరు పొయ్యకపోతే రేపు ఈమె మన ముఖం చూస్తుందా?"

"అమ్మ కూడా ఇదే అనేది," అంది నిల్దా.

ముసలామె సంచి ఊపింది. "హెర్మీనియా రెండు గుప్పెళ్లు వేసేది."

ఆయన రెండోదీ వేసి, టాబ్లెట్ ఊడదీశాడు. "తిరిగిచ్చెయ్. మీ అమ్మ కొసరు సంగతి ఇక ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."