ఎడమ దీపం

నాగేశ్వరి గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

ఎదురుగా సందులో పాత పికప్ బండి ఆగి ఉంది. రేవులో సరుకు దింపి అప్పుడే వచ్చింది. బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది.

మెకానిక్ సూరన్న బండిలోకి వంగి చూశాడు. అతనిది హౌరా వైపు. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఈ తెలుగు వాడకు రావడం ఇదే మొదలు.

"ఏటి దీని జబ్బు?"

"సిగ్నల్ స్విచ్చి దాదా," అన్నాడు పోలిరాజు. నాగేశ్వరికి మరిది. బండి నడిపేది అతనే. "నిన్న ట్రాఫిక్ సార్జెంటు ఆపీసినాడు. కుడి దీపం ఏసి ఎడమకి తిప్పుతావేటని ఒకటే తిట్లు. నాను ఎడమకే ఏసినాను. ఎండకి ఆడి బుర్ర తిరిగిపోనాది."

"కొత్త స్విచ్చి తెచ్చినాను. ముందు పాతదాని సంగతి సూద్దాం. ఎవరైనా ఎనక నిలబడాల."

పోలిరాజు అరుగు వైపు చూశాడు. "ఎల్లి నిలబడు."

అరుగు చివర కూర్చున్న బక్కపలచటి మనిషి లేచాడు. చిరుగుల బనియను, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ.

ఇందాక నాగేశ్వరి సూరన్నకు టీ చేతికిచ్చింది. ఆ మనిషి గ్లాసు మాత్రం నేలమీద పెట్టి, అటు చూడకుండానే వచ్చేసింది. పనివాడు కాబోలనుకున్నాడు సూరన్న.

స్విచ్ ఎడమకు వేశాడు. "ఏది ఎలుగుతోంది?"

అద్దంలో చూస్తే, ఆ మనిషి కుడివైపు చెయ్యి చూపిస్తున్నాడు.

"నానేసింది ఎడమ. సరీగా సూడు."

మళ్ళీ కుడివైపే చూపించాడు.

"నోరు లేదేటి ఈయనకి?"

"ఉందో నేదో," పోలిరాజు నవ్వాడు. "ఆ మనిషినడిగితే అంతే దాదా."

సూరన్నకు వేళాకోళం పుట్టింది. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం బాబూ, అన్నం ఏ సేత్తో తింటావు?"

ఆ మనిషి కుడిచెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేత్తోనే మళ్ళీ కుడి దీపాన్ని చూపించాడు.

పోలిరాజు పగలబడి నవ్వాడు. నాగేశ్వరి తలెత్తలేదు. చేటలోంచి ఒక రాయి తీసి సందులోకి విసిరింది.

"పోనీలే దాదా," పోలిరాజు ఎదురు గోడ మీది ఎర్రజెండా పార్టీ రాతలు చూపించాడు. "ఈ రాజ్జెంలో ఎడమ ఒక్కటి ఎలిగితే సాలదా?"

"అదే కదయ్యా ఎలగనంటోంది." సూరన్న నవ్వుతూ దిగి వెనక్కి వెళ్ళాడు.

అక్కడ నవ్వు ఆగిపోయింది. ఎడమకు వేసిన స్విచ్ అలాగే ఉంది. మిణుకుతున్నది కుడి దీపం.

పాత స్విచ్ ఊడదీశాడు. అరుగు మీద కూర్చుని విప్పాడు. వెనక నిలబడ్డ మనిషి లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాడు.

"ఇదిగో, ఈ రాగిరేకు అరిగి వంకరపడింది. బండి సల్లగున్నంతసేపూ బాగానే ఉంటాది. యేడెక్కితే జారిపోతాది. అటు తగలాల్సింది ఇటు తగులుతాది."

"నడిపేవోడికి తెల్దేటి?"

"ఎలా తెలుస్తాది? ఎటేసినా లోపల మిణికేది ఒకటే బుడ్డి దీపం. ఎనక సైకిలోడున్నాడనుకో. కుడి దీపం సూసి, బండి కుడికి పోతాది గావాలని ఎడమపక్క నుంచి దూరతాడు. నువ్వు ఎడమకే తిప్పుతావు. ఆడు సక్రాల కిందకి పోతాడు. ఆడిదీ తప్పు కాదు, నీదీ తప్పు కాదు."

నాగేశ్వరి చేతులు చేటలో ఆగిపోయాయి.

"ఎన్నాళ్ళనించి ఉందిది?" సూరన్న అడిగాడు.

"బండితో వచ్చిందే." పోలిరాజు గొంతు తగ్గింది.

"అయితే అదృష్టవంతులే. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏటీ అవనేదు."

లోపల పొయ్యిమీద ఎసరు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా తమ్ముడు," అంది నాగేశ్వరి. "సైకిలు మీద. ఈ బండి కిందే పోనాడు."

సూరన్న స్విచ్ అరుగు మీద పెట్టేశాడు.

"ఆ దినం బండి నడిపిందెవరు?"

"మా అన్న," అన్నాడు పోలిరాజు, నేల చూస్తూ. "టీకొట్టోడూ రిక్షావోడూ అందరూ కుడి దీపమే ఎలిగిందని సెప్పినారు. పోలీసులు మర్నాడు పదిమాట్లు ఏసి సూసినారు. సరీగానే ఎలిగింది. తాగీసి తిప్పీసినాడన్నారు. రెండేళ్ళు జైల్లో ఏసినారు. ఎడమకే ఏసినాను, ఎడమకే ఏసినానని మొత్తుకున్నాడు. ఒక్కరూ నమ్మనేదు."

"నానూ నమ్మనేదు," అంది నాగేశ్వరి. "ఆరేళ్ళయింది నాను ఆయన్తో మాటాడి."

"సెప్పీ సెప్పీ ఆకరికి మాటాడ్డమే మానీసినాడు," అన్నాడు పోలిరాజు.

సూరన్న లేచి నిలబడ్డాడు. "ఆయనేడీ? పిలండి. నానే సెప్తాను."

నాగేశ్వరి చేట దించి తల తిప్పేసరికి, అన్నం ఏ చేత్తో తింటావని సూరన్న అడిగిన మనిషి మేకుకున్న చొక్కా తీసి వేసుకుని, గుమ్మంలో కూర్చున్న భార్యను దాటుకుని గడప దిగిపోయాడు.