లిఫ్టు తలుపు మీది నవ్వు

మా ఐర్లాండులో ఎన్నికలైన వారంలోగా స్తంభాలకు కట్టిన పోస్టర్లు దించకపోతే జరిమానా. అందుకే వామపక్షం తరఫున కొత్తగా కౌన్సిలర్‌గా గెలిచిన లోర్కన్ నిచ్చెన మోసుకుంటూ మా ఫ్లాట్ల దగ్గరికి వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. మేమంతా ఓట్లేసి గెలిపించాం. సంబరపడే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

గేటు ముందు కట్టిన పోస్టరు కనపడలేదు.

"అది నా దగ్గరుందిలే," అంది ఐదో అంతస్తు డింప్నా, చేతిలో బంగాళాదుంపల సంచితో.

లోర్కన్ మొహం వెలిగిపోయింది. "గుర్తుగా దాచుకున్నావా అక్కా?"

"లోపలికి రా, చూపిస్తా."

ఏళ్లుగా ఆగిపోయిన లిఫ్టు తలుపు మీద అతని మొహమే నవ్వుతోంది. దాని కింద అతని మాటే: 'ముందు మీ లిఫ్టు.'

"రోజూ నీ మొహం చూసే మెట్లెక్కుతున్నాం."

"ఇదేం పద్ధతక్కా? మొన్ననేగా గెలిచింది! కాస్త టైమివ్వండి. నేను మీవాణ్ణే కదా!"

డింప్నా విసుగ్గా పోస్టరు అంచు పైకెత్తింది. కింద ఇంకో మొహం. పోయినసారి గెలిచినవాడిది, అదే పార్టీ.

"వాడూ మావాడే. వాడూ టైమే అడిగాడు."

లోర్కన్ నిచ్చెన గోడకు ఆనించాడు.

"వాడి పోస్టరు ఇక్కడ అంటించింది నువ్వే కదరా! లిఫ్టు నడిచేదాకా ఎవరూ తియ్యొద్దని మా అందరిచేతా ఒట్టేయించుకున్నావు. మేం తియ్యలేదు."

ఆమె బంగాళాదుంపల సంచి అతని చేతిలో పెట్టింది.

"పద నాయనా. ఐదంతస్తులు."