రెబెక్కమ్మ తోటలో తేనెటీగలు

“ఈ పూలెవురు తెంపినారు?”

గుమ్మడి పాదుల మధ్య కూర్చుని లెన్సు తుడుచుకుంటున్న తహీర్ తల ఎత్తలేదు. ఎత్తితే తిట్లు మరింత దగ్గరగా తగులుతాయని అతనికి తెలుసు.

“నిన్నే అబ్బయ్యా! ఫోటోలు తీసుకుంటానంటే రానిచ్చినాను గానీ, పూలు కోసుకోమన్నానా?”

“పిందె లేని పూలే గదక్కా, అవెట్టాగూ కాసేవి కావు. వాటి పొడి కుంచెతో తీసి పిందె ఉండే పూలకు పూస్తా ఉండా. పచ్చగా మెరిస్తే తేనెటీగ కాసేపు నిలబడుద్ది. కింద పిందె, పైన ఈగ, ఫోటోకి ఎంత అందం! పెళ్ళికూతురికైనా పౌడరు పూయకుండా ఫోటో తీస్తామా?”

రెబెక్కమ్మకు కోపంలోనే నవ్వొచ్చింది.

తహీర్‌కి కావలిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు తీసీ తీసీ విసుగెత్తినవాడికి తేనెటీగల ఫోటోల పోటీ ఒకటి ఉందని తెలిసింది. ఈగ కాళ్ళ మీద నూగు కూడా కనిపించే లెన్సు కొన్నాడు. బోగోలు దగ్గర రెబెక్కమ్మ గుమ్మడితోట పూతకు వచ్చిందని విని రోజూ తెల్లవారేసరికి వచ్చి వాలేవాడు. ఆ వేళకు రెబెక్కమ్మ రైల్వే స్టేషన్ దగ్గర ఇడ్లీ బండి మీద ఉంటుంది. ఆమె తోటకు వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి పూలన్నీ ముడుచుకుపోయి ఉంటాయి.

ఆమెకు ఫోటోలతో పని లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే కబురు.

రెండేళ్ళుగా తీగ నిండా పూలే. పిందెలు మాత్రం బొటనవేలంత కాగానే పసుపుబారి రాలిపోయేవి. చుట్టూ వరికి మందులు కొట్టి కొట్టి తేనెటీగల్ని చంపుకున్నారని, ఈగ వాలనిదే కాయ నిలవదని తెలిసినవాళ్ళు చెప్పారు. మరిది హెబ్రోనుకు పక్కనే రొయ్యల గుంటలున్నాయి. ఈ ఏడు కూడా కాపు లేకపోతే తోటను గుంటకు ఇచ్చేస్తానని రెబెక్కమ్మ చేత మాట తీసుకున్నాడు. ఒకసారి ఉప్పునీళ్ళు పెడితే ఆ నేలలో మళ్ళీ తోటకూర కూడా మొలవదు. భర్త చేతులతో బాగు చేసిన ఆ అరెకరం అంటే ఆమెకు ప్రాణం.

పూత మొదలైన వారానికే హెబ్రోను ఒప్పంద కాగితంతో సహా దిగాడు.

“ఏమయ్యా ఫోటోల సాయిబూ, నిజం చెప్పు. ఈగలొస్తా ఉండాయా?”

తహీర్ ఆ కాగితం వంక చూశాడు. రెబెక్కమ్మ ముఖం వంక చూశాడు.

“వస్తా ఉండాయన్నా.”

“ఎన్ని?”

“లెక్కపెట్టేది నా పని కాదన్నా. ఫోటో తీసేదే నా పని.”

“సరే. కాయలు కాసినప్పుడు చూద్దాంలే,” అని హెబ్రోను బండి ఎక్కాడు.

మర్నాటి నుంచి తహీర్‌కి అరిటాకులో నాలుగు ఇడ్లీలు, కారప్పొడి తప్పకుండా వచ్చేవి. తింటున్నంతసేపూ రెబెక్కమ్మ ఎదురుగా కూర్చుని అడిగేది.

“ఈరోజూ వచ్చినాయా?”

“ఊఁ.”

“నోట్లో ఇడ్లీ పెట్టుకుని ఊఁ అంటే ఎట్టా? బాగా వచ్చినాయా?”

“వచ్చినాయిలే అక్కా. చెట్నీ ఉంటే రేపు తీసుకురా.”

పోటీ గడువు దాటిపోయింది.

“పంపినావా?” అని అడిగింది రెబెక్కమ్మ.

“లేదక్కా. ఒక్కటీ నచ్చలేదు.”

“అన్ని ఈగల మధ్య పడి పొర్లుతా ఒక్కటీ నచ్చలేదా? నీకింకా పెళ్ళి కానిది ఇందుకే!”

గడువు దాటినా అతను రావడం మానలేదు. తెల్లవారేసరికి వచ్చి అవే పూలకు అదే ముస్తాబు చేసి, గంటల తరబడి మోకాళ్ళ మీద కాచుకునేవాడు. ఒక్క మంచి ఫోటో కోసం ఇంత తపనా అని రెబెక్కమ్మకు జాలేసేది.

ఈసారి పిందెలు రాలలేదు. బొటనవేలంతవి పిడికిలంత అయ్యాయి, పిడికిలంతవి బిందెలంత అయ్యాయి. కోతపండుగ నాడు ఆమె తహీర్‌ని కూడా వెంటబెట్టుకెళ్ళి, తొలి కాయల్ని చర్చిలో బల్ల ముందు పేర్చి సాక్ష్యం చెప్పడానికి లేచింది.

“ఈగలు లేవన్నారు. దేవుడు దండుగా పంపినాడు! కళ్ళారా చూసిన మనిషి ఇదిగో, వెనక కూర్చోనుండాడు. ప్రాణం పోయినా అబద్ధమాడడు.”

అందరూ వెనక్కి తిరిగారు. తహీర్ తల వంచేసుకున్నాడు. ఎంత అణకువ గల పిల్లవాడో అనుకున్నారు జనం.

బయటికొచ్చాక హెబ్రోను కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. “నీ ఈగలే గెలిచినాయి వదినా. ఇంక గుంట మాటెత్తను.”

రెబెక్కమ్మ కళ్ళు తుడుచుకుని తహీర్ చెయ్యి పట్టుకుంది. “అబ్బయ్యా, నా తోటని నిలబెట్టిన ఆ తేనెటీగ ఫోటో ఒకటి పెద్దది చేసి, పటం కట్టి ఇయ్యి. ముందుగదిలో తగిలించుకుంటా.”

తహీర్ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. “వారం టైమియ్యక్కా.”

ఆ వారంలో అతను కోవూరు వెళ్ళి, కూరగాయలు పండించే తన మేనమామ ఖాదర్ మొహిద్దీన్‌ని కలిశాడు. బుర్ర తొలిచేస్తున్న అనుమానమొకటి అడిగాడు. మేనమామ చెప్పింది విని పగలబడి నవ్వాడు.

ఆదివారం పటం తెచ్చి ఇచ్చాడు. రెబెక్కమ్మ ఆత్రంగా కాగితం విప్పి తెల్లబోయింది. అద్దం వెనక నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేత్తో కుంచె పట్టుకున్న తహీరే ఆమెను చూస్తున్నాడు.

“ఇదేందబ్బయ్యా, నీ ఫోటో ఇచ్చినావు? నేనడిగింది నా పూల మీద వాలిన తేనెటీగని గదా!”

“వాటి మీద వాలింది నేనొక్కణ్ణేనక్కా.”