పేరు పెట్టుకోని పోల్కా

“ఆ రొద ఆపమని చెప్పవోయ్,” అన్నాడు ఒటకర్ బీరు కొట్టు యజమానితో, మీసాల మీది బీరు నురగ తుడుచుకుంటూ.

చెక్ దేశపు ప్లజెన్ నగరంలో పెద్ద వాద్యబృందాన్ని నడిపించే మనిషాయన. ఏళ్ల తరబడి రాసుకున్న తన సింఫనీని ఆ సాయంత్రమే తొలిసారి వాయింపించాడు. సగం కాకముందే సగం జనం లేచిపోయారు. ఇక్కడ బీరు కొట్టులోనేమో బూరల వాళ్లు ఓ పాత పోల్కా డాన్సు పాట ఊదుతుంటే బల్లలు కూడా ఎగురుతున్నాయి.

“ఏ వెధవ రాశాడో.”

భార్య లుద్మిలా మగ్గు చాటున నవ్వుకుంది. కుర్రతనంలో ఓ మగ్గు బీరు కోసం దాన్ని రాసిచ్చి, దానికి తన పేరు పెట్టుకోడానికి సిగ్గుపడిన వెధవ ఎవరో ఆవిడకు తెలుసు.

కొట్టు యజమాని మతౌష్ మొహం ముడుచుకున్నాడు.

“అలా అనకండి సారూ. మా నాన్న తన అంత్యక్రియల్లో ఇదే వాయించమని కోరి మరీ పోయాడు. గోతి పక్కన మా అమ్మ ఏడుస్తూనే కాలు కదిపింది.”

ఒటకర్ మగ్గు దించాడు. కాసేపు విన్నాడు. తర్వాత లేచి బూరల వాళ్ల దగ్గరికి నడిచాడు.

“అక్కడ ఆ పరుగెందుకయ్యా? ఊపిరి తీసుకోడానికి చోటు పెట్టే రాశాను కదా.”

మతౌష్ నోరెళ్లబెట్టాడు.

“నేను పోయినా ఇదే వాయించండి,” అన్నాడు ఒటకర్. “కాస్త నిదానంగా.”

“మరి సింఫనీ?” అంది లుద్మిలా.

“అది మొదలెడితే శవపేటిక మోసేవాళ్లు కూడా మధ్యలోనే దింపేసి పోతారే.”