మాటలు ఆగిన ఆట

"ఇయ్యాల మ్యాట్నీకి రావొద్దంటుండు మీ నాన్న. ఇంకో సినిమాకు పోండ్రంటుండు" అంది తల్లి ప్రసన్న, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని.

జోస్నా తల అడ్డంగా ఊపింది. టికెట్లు ముందే బుక్ అయిపోయాయి. స్నేహితురాళ్ళు మెట్రో స్టేషన్ కింద ఎదురుచూస్తున్నారు.

"ఏమైందయ్యా? పొద్దుగాల ఆటకు సౌండ్ మంచిగనే ఉన్నదంటివి గదా?" అని ప్రసన్న ఫోన్‌లో అడుగుతుండగానే జోస్నా చెప్పులేసుకుంది.

వాళ్ళ నాన్న శాంసన్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాత సినిమా హాల్లో సౌండ్ చూసుకుంటాడు. ఈమధ్యే హాలు బాగుచేయించి కొత్త సౌండ్ సిస్టమ్ పెట్టించారు. ఖాళీ హాల్లో స్టాండుకు మైకు బిగించి, ఒక్కో స్పీకర్‌లోంచి హోరు వదిలి, కొలుచుకుంటూ అంతా శాంసనే సరిచేశాడు. వెనక వరుసలో మూల సీటుకు కూడా గుసగుస స్పష్టంగా చేరాలన్నది అతని పట్టుదల. ఇంట్లో అన్నం తింటున్నా అవే కబుర్లు. మాటలన్నీ తెర వెనక నడిమి స్పీకర్‌లోంచి వస్తాయట. సంగీతం చుట్టూ ఉన్నవాటిలోంచి కమ్ముకుంటుందట.

ఆ కబుర్లు విని విని జోస్నా కాలేజీ గ్రూపులో మెసేజ్ పెట్టింది: 'కొత్త సౌండ్ మా నాన్నే సెట్ చేశాడు. వచ్చి వినండి!'

వచ్చారు. విన్నారు. ఉరుము వెనక నుంచి ముందుకు దొర్లింది. నెత్తి మీద వాన కురిసింది.

"ఏంటే ఇది! జుట్టు తడిసిందేమోనని చూసుకున్నా" అంది పక్క సీట్లో తన్మయి. "మీ నాన్నగారు సూపరే!"

జోస్నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇంటర్వెల్‌కు కాస్త ముందు తెర మీద ఒక ఆఫీసు. ఉద్యోగం ఇంటర్వ్యూ. ఒకమ్మాయి ఆఫీసర్ల ఎదుట కూర్చుంది. ఆఫీసరు పెదాలు కదిలాయి. ఆ అమ్మాయి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

ఒక్క మాట వినపడలేదు. చుట్టుపక్కల స్పీకర్లలోంచి సన్నగా సంగీతం మాత్రం వస్తోంది.

ముందు ఈలలు వేశారు. తర్వాత కేకలు.

"సౌండ్! సౌండ్!"

"అరే, ఆపరేటర్ పండుకున్నడా ఏంది?"

ఎవరో వెనక్కి తిరిగి, పైనున్న ఆపరేటర్ బూత్ అద్దం మీదికి నీళ్ళ సీసా విసిరారు. జోస్నా సీట్లో కిందికి జారిపోయింది. సీను అయిపోయాక గానీ మాటలు తిరిగి రాలేదు.

ఇంటర్వెల్‌లో బయటికి వచ్చేసరికి బూత్ మెట్ల దగ్గర జనం మూగి ఉన్నారు. మధ్యలో మేనేజర్ చక్రపాణి ఊగిపోతున్నాడు.

"ఏమయ్యా శాంసన్! అంతా కొత్తది పెట్టిస్తే మొదటి రోజే పరువు తీశావు కదయ్యా! బూత్‌లో ఏం చేస్తున్నావు?"

"జర ఏమరపాటైంది సార్. తప్పు నాదే."

"ఇక నువ్వు పైకెక్కకు. రేపటి నుంచి పార్కింగ్ చూసుకో. పో!"

శాంసన్ తల వంచుకుని నిలబడ్డాడు.

తన్మయి జోస్నా చెవి దగ్గరికి వంగింది. "ఆయనేనా మీ నాన్నగారు?"

జోస్నా కాదన్నట్టు తల ఊపింది.

సరిగ్గా అప్పుడే శాంసన్ తల ఎత్తాడు. కూతుర్ని చూశాడు. ఆమె తల ఊపడమూ చూశాడు. మెల్లగా గోడవైపు తిరిగి, ఎవరో తెలియనివాడిలా పక్కకు తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ప్రసన్న ఊరుకోలేకపోయింది. "మిషన్ ఖరాబైందని చెప్తే పోయేది గదయ్యా! గంత కష్టపడి పెడితివి. గా పార్కింగ్ ఏంది నీకు?"

"మిషన్ మంచిగనే ఉన్నది. దాని మీద ఎందుకు చెప్పాలె?" అన్నాడు శాంసన్. తర్వాత గది గుమ్మం దాకా వచ్చి, "బిడ్డా, అన్నం తిను" అన్నాడు.

జోస్నా తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఆమె కాలేజీకి ఆ హాలు ముందు నుంచి వెళ్ళడం మానేసింది. ఒకసారి మాత్రం తప్పలేదు. పక్కన స్నేహితురాళ్ళంతా ఉన్నారు. గేటు దగ్గర ఖాకీ చొక్కాతో, నోట్లో విజిల్‌తో శాంసన్ బండ్లు సర్దుతున్నాడు. దూరం నుంచే వాళ్ళను చూసి, కూతురు తల వంచుకోవాల్సిన అవసరం లేకుండా తనే వీపు తిప్పేసుకున్నాడు. జోస్నాకు ఏడుపొచ్చింది. అది నాన్న మీద జాలో, కోపమో తెలియలేదు.

కొన్నాళ్ళకు తన్మయి పట్టుబట్టింది. "ఆ సినిమా ఎల్బీ నగర్ మాల్‌లో ఇంకా ఆడుతోందే. ఆ రోజు ఆ సీనేంటో మనకసలు తెలియనేలేదు. పద, ఈసారి పూర్తిగా చూద్దాం."

వెళ్ళాలని లేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. జోస్నా వెళ్ళింది.

అదే ఆఫీసు తెర మీదికి రాగానే ఆమె ఒళ్ళు ముడుచుకుంది. నాన్న వంచిన తల కళ్ళ ముందు కదిలింది. ఈసారి సౌండ్ ఎక్కడా తప్పలేదు.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"మం... మం... మం..." అంది ఆ అమ్మాయి, నోరు తెరుస్తూ, మూస్తూ.

"ఏంటమ్మా, బండి స్టార్ట్ అవ్వట్లేదా? వెనక నుంచి తొయ్యమంటావా?"

హాలంతా పగలబడి నవ్వింది. ఈలలు వేసింది. వెనక వరుసల్లో ఎవరో "మం... మం..." అని వెక్కిరించారు.

తన్మయి నవ్వలేదు. చీకట్లో జోస్నా చెయ్యి వెతికి పట్టుకుంది.

ఊహ తెలిసినప్పటి నుంచీ తన పేరు కూడా అలాగే మొదటి అక్షరం దగ్గర చిక్కుకుపోయే జోస్నాకు, ఆ మధ్యాహ్నం మాటలు వాటంతట అవి ఆగిపోలేదని అప్పుడు తెలిసింది.