ఉత్త కాళ్ల పోచన్న

పోచన్న చెప్పులు వేసుకోడు.

వేరే సైట్ నుంచి అడిగి మరీ అల్ హైల్ లేబర్ క్యాంపులోని ఈ రూముకు మార్పించుకున్నాడు. డ్యూటీలో సేఫ్టీ షూ తప్పదు. గేటు దాటగానే వాటిని విప్పి చంకలో పెట్టుకుంటాడు. తారు మెత్తబడే ఎండలోనూ ఉత్త కాళ్లతోనే కూరగాయలు తెస్తాడు. పిచ్చోడని రూమంతా నవ్వుకునేది.

అదే రూములో ఉండే లింబాద్రికి నవ్వు కూడా వచ్చేది కాదు.

బిల్డింగ్ మీంచి పడి, ఆస్పత్రిలో లేచినప్పటి నుంచి అతనికి ఏదీ పట్టడం లేదు. ఊళ్లో భార్య లస్మవ్వ ఫోన్‌లో ఏడ్చినా ఎవరింట్లోనో ఏడుస్తున్నట్టే ఉండేది. కుంటుతున్నాడని కంపెనీ స్టోర్ డ్యూటీ ఇచ్చింది. కూర్చుని చేసే ఆ పని పోతే తనను పంపించేస్తారన్న భయం ఒక్కటే మిగిలింది.

పోచన్న కనపడ్డప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

“ఇంటికెప్పుడు పోతవన్నా?”

మొదట్లో చూద్దామనేవాడు లింబాద్రి. తర్వాత జవాబివ్వడమే మానేశాడు. వీడి కన్ను స్టోర్ డ్యూటీ మీద పడిందని ఖాయం చేసుకున్నాడు.

ఓ శుక్రవారం అన్నాల దగ్గర మళ్లీ అదే మాట.

“నేను పోతే నీకేమొస్తదిరా?”

పోచన్న తన పాదాల వంక చూసుకుని నవ్వాడు.

“ఒక్కపారి పోయి పిల్లలను చూసి రా అన్నా. గంతే.”

లింబాద్రి మర్నాడే క్యాంప్ బాస్ తహ్సీన్ దగ్గరికి వెళ్లాడు. ఆ మట్టి కాళ్లవాడితో ఒకే రూములో ఉండలేనన్నాడు. దూరాన సూర్ సైట్‌కు మనుషులు కావాలని అడుగుతున్నారట, తహ్సీన్ పోచన్నను అటు పంపేశాడు.

“ఇంటికి పోయినంక ఒక్క ఫోన్ చెయ్యన్నా,” అన్నాడు పోచన్న బస్సెక్కుతూ.

లింబాద్రి మొబైల్ మీంచి తలెత్తలేదు.

చలికాలంలో సూర్ నుంచి కబురొచ్చింది. సముద్రం ఒడ్డున తుప్పు పట్టిన మేకు గుచ్చుకుని, కాలు వాచి, విషమెక్కి పోచన్న పోయాడు. రూములో ఎవరో టీవీ కట్టేశారు. లింబాద్రి అన్నం పూర్తిగా తిని, పళ్లెం కడిగి బోర్లించాడు.

ఆ తర్వాత ఊరికి పోయి రమ్మని కంపెనీయే అతనికి సెలవిచ్చింది. ప్రయాణానికి ముందు కాలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్తే, కాకినాడ నర్సు అబిగైల్ గుర్తుపట్టి పలకరించింది.

“బాగా నడుస్తున్నారే. మీ తమ్ముడు రాలేదాండీ?”

“నాకు తమ్ముళ్లెవ్వరు లేరు సిస్టర్.”

అబిగైల్ వింతగా చూసింది.

“మీరు పడ్డ రోజు డ్యూటీ దిగి పోతా పోతా మిమ్మల్ని ఎత్తుకొచ్చాడు కదండీ. ఆ పరుగులో చెప్పులెక్కడో ఊడిపోయాయంట. అరికాళ్లు బొబ్బలెక్కాయని మేం చెప్పులిచ్చినా తీసుకోలేదు. ‘ఈ అన్న పానంతోని ఇంటికి చేరేదాంక చెప్పులు తొడుగనని దేవునికి మొక్కిన, ఆయనకు చెప్పకుండ్రి సిస్టర్’ అన్నాడండీ.”