బావకు బదులు

ఓడలో వచ్చిన చిత్రకారుడు తాహితి దీవిలో మా నాయకుడు మోయెరోవా బొమ్మ గీస్తానన్నాడు. బొమ్మతోపాటు ప్రాణం కూడా సముద్రం దాటిపోతుందేమోనని మోయెరోవాకు భయం పట్టుకుంది. బావమరిది తుహితిని పిలిచి, తన ఈకల కిరీటం వాడి నెత్తిన పెట్టాడు.

"నువ్వు కూర్చోరా."

"నా ప్రాణం పోతేనో, బావా?"

"పోతే మీ అక్క ఏడుస్తుందిలే. కదలకు."

బొమ్మ బాగా కుదిరింది. ఓడ వెళ్లిపోయింది. తుహితికి జలుబైనా చేయలేదు.

కొన్నేళ్లకు ఇంకో ఓడ వచ్చింది. ఓడ దొర ఆ బొమ్మ పట్టుకుని ఊరంతా వెతికి, తుహితి ముందు టోపీ తీసి వంగాడు. వాడికి ఎర్రకోటు తొడిగి, ఇనుమే దొరకని మా దీవిలో బంగారంలాంటి ఇనప మేకులు పెట్టెడు కానుకిచ్చాడు.

"నాయకుణ్ణి నేనయ్యా," అన్నాడు మోయెరోవా.

దొర బొమ్మనూ అతన్నీ మార్చి మార్చి చూసి, తల అడ్డంగా ఊపాడు.

తుహితి కోటు సర్దుకున్నాడు.

"మా బావేలెండి, మంచివాడు. ఆయనకూ ఓ మేకివ్వండి."